జ్వరం రెండో రోజుకే సెఫ్ట్రియాక్సోనా?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో పాఠకుల ప్రశ్నల కింద వచ్చిన ఒక జవాబు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. జ్వరం వచ్చి రెండు రోజులైంది, మాత్రలతో తగ్గడం లేదు, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ వేయించుకుంటే తొందరగా లేచి తిరగవచ్చా అని ఒకాయన అడిగారు. అది మూడో తరం యాంటీబయాటిక్ (అంటే సెఫలోస్పోరిన్ జాతి మందుల్లో మూడో విడతగా వచ్చినది) కనుక మాత్రలకన్నా శక్తిమంతమైనదని, వేయించుకోవడానికి సందేహించనక్కర్లేదని మీ జవాబు. రెండు వాక్యాల్లో తేల్చేశారు. నా పేచీ ఆ రెండు వాక్యాలతోనే.

నేను స్టాఫ్ నర్సుగా మెడికల్ వార్డులోనూ పిల్లల వార్డులోనూ పనిచేసి, ఉద్యోగం చివరి రోజుల్లో ఇన్ఫెక్షన్ల నియంత్రణ బాధ్యత చూసి పదవీ విరమణ చేశాను. మందు రాసే అధికారం నాకు ఎప్పుడూ లేదు. రాసిన మందును కలపడం, రోగి ఒంట్లోకి ఎక్కించడం, ఆ తర్వాత ఏం జరుగుతుందో మంచం పక్కన నిలబడి చూడడం నా పని. సెఫ్ట్రియాక్సోన్‌ను కలిపినన్ని సార్లు నేను మరే యాంటీబయాటిక్‌నూ కలిపి ఉండను. వయల్‌లో తెల్లగానో కాస్త పసుపుగానో ఉండే పొడి. స్టెరైల్ వాటర్ ఎక్కించి ఊపితే లేత పసుపు ద్రావణం. ఆ ద్రావణం మనుషుల్ని చావు అంచు నుంచి వెనక్కి లాగడం చూశాను. ఏ పనీ చేయకుండా ఊరికే నరాల్లోకి పోవడం అంతకన్నా ఎక్కువగా చూశాను.

దీనికి ఇంత ఆదరణ ఎందుకని ఏ నర్సును అడిగినా చెబుతుంది. పెన్సిలిన్ అయితే కొన్ని జబ్బుల్లో నాలుగు గంటలకొకసారి ఇవ్వాలి. ఇది చాలా జబ్బులకు రోజుకు ఒక్కసారి చాలు. రక్తంలో చేరిన మందులో 85 నుంచి 95 శాతం దాకా అక్కడి ప్రొటీన్లను పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒంట్లోంచి నిదానంగా పోతుంది; రక్తంలో దాని మోతాదు సగానికి పడడానికే 6 నుంచి 9 గంటలు పడుతుంది. కొంత మూత్రంలో, కొంత పైత్యరసంలో బయటికి వెళ్తుంది. అందుకని ఒక్క మూత్రపిండాలు మాత్రమే దెబ్బతిన్నవారికి సాధారణంగా మోతాదు తగ్గించవలసిన పని ఉండదు. వార్డంతటికీ ఒక్కరమే ఉన్న రాత్రి డ్యూటీలో ఇది ఎంత ఊరటో చెప్పలేను. ఆ సౌకర్యమే దాని కొంప ముంచింది. ఏ జ్వరమో తెలియనప్పుడు, పరీక్ష చేయించే తీరిక లేనప్పుడు, రోగి బంధువులు ఏదో ఒకటి చేయమని ఒత్తిడి పెట్టినప్పుడు, చేయి దీని మీదకే పోతుంది.

మొదట దీని గొప్పతనమే చెబుతాను. మెనింజైటిస్‌తో, అంటే మెదడు చుట్టూ ఉండే పొరలు వాచే జబ్బుతో, వచ్చిన రోగిని చూసినవారు ఈ మందును తేలిగ్గా మాట్లాడరు. తలనొప్పి, జ్వరం, మెడ వంగకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మాటలో తేడా. కాలేజీ చదివే ఒక పిల్లవాడిని అలాగే రాత్రిపూట తీసుకువచ్చారు. కాళ్ల మీద ఊదారంగు మచ్చలు కూడా ఉన్నాయి. ఆ రోజు డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ స్కానింగ్ కోసం ఆగలేదు. బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకు) రక్తం తీయమని, వెంటనే వాపు తగ్గించే డెక్సామెథసోన్, దాని వెంట 2 గ్రాముల సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వమని చెప్పి, తర్వాతే మిగతా పరీక్షలు చూసుకుంది. ఆ జబ్బులో ప్రతి గంటా లెక్కే. మామూలు ఇన్ఫెక్షన్లకు రోజుకు ఒక్కసారి సరిపోయే మందును ఇక్కడ 12 గంటలకొకసారి ఇస్తారు, ఎందుకంటే మెదడు చుట్టూ ఉన్న నీటిలోకి తగినంత చేరాలి. ఆ పొరలు వాచి ఉన్నప్పుడు ఇది లోపలికి బాగా చొరబడుతుంది. మొదటి తరం మందులకు అది చేతకాదు. పిల్లవాడు కోలుకుని చదువుకు వెళ్లాడు. అతనికి దగ్గరగా మెలిగిన ఇంటివారికి నివారణ మందు ఇవ్వవలసి వచ్చినప్పుడు, వారిలో గర్భిణిగా ఉన్న ఒకావిడకు ఈ ఇంజెక్షనే కండకు ఒక్క డోసు వేశాం. గర్భిణులకు రిఫాంపిసిన్ కన్నా దీన్నే ఎంచుకుంటారు.

ఆఫ్రికాలోని నైజర్‌లో 2003లో మెనింజైటిస్ ప్రబలినప్పుడు కండకు ఒకే ఒక్క సెఫ్ట్రియాక్సోన్ డోసు వేసి చూశారు. అంతకుముందు అక్కడ వాడే నూనెలో కలిపిన క్లోరాంఫెనికాల్‌తో సమానంగా పనిచేసింది. ఆసుపత్రి పడకలు లేనిచోట, సెలైన్ పెట్టే మనిషి లేనిచోట, ఒక సూదితో ప్రాణం నిలబెట్టగల మందు ఇది. దాన్ని మనం జలుబు జ్వరాలకు ఖర్చు పెడుతున్నాం.

చాలామందికి తెలియని ఉపయోగం ఇంకొకటి ఉంది. కాలేయం గట్టిపడి, అన్నవాహికలోని రక్తనాళాలు చిట్లి రక్తం కక్కుకుంటూ వచ్చే రోగికి ఈ ఇంజెక్షన్ రోజుకు 1 గ్రాము చొప్పున ఇస్తారు, గరిష్ఠంగా 7 రోజులు. రక్తస్రావానికి యాంటీబయాటిక్ ఎందుకని కొత్తగా చేరిన నర్సులు అడుగుతుండేవారు. అలాంటి రోగుల పేగుల్లోని క్రిములు ఆ సమయంలో రక్తంలోకి, పొట్టలోని నీటిలోకి సులభంగా చొరబడతాయి. వాటిని ఆపితే మళ్లీ రక్తం కక్కడమూ తగ్గుతుంది, మరణాలూ తగ్గుతాయి. జ్వరం లేని మనిషికి యాంటీబయాటిక్ వేయడం సరైన పని అయిన సందర్భం అది. జ్వరం ఉన్న మనిషికి వేయకపోవడం సరైన పని అయ్యే సందర్భాలు అంతకన్నా చాలా ఎక్కువ.

ఆసుపత్రిలో చేర్చవలసినంత న్యుమోనియా, మూత్రపిండాలకు పాకిన ఇన్ఫెక్షన్, ఎముకల్లోనూ కీళ్లలోనూ చేరిన చీము, గుండె కవాటాల మీద స్థిరపడిన స్ట్రెప్టోకోకస్ క్రిమి, ఇవన్నీ దీని పరిధిలోవే. గుండె కవాటాల జబ్బుకైతే 4 వారాల పాటు ఇవ్వాలి. ఎంటెరోకోకస్ అనే క్రిమిని ఇది ఒంటరిగా ఏమీ చేయలేదు. అయినా ఆంపిసిలిన్‌ను తోడు చేస్తే ఆ క్రిమిలో ఒక ముఖ్యమైన రకాన్ని గుండె కవాటాల మీద చంపగలదు. వైద్యంలో ఇలాంటి వింతలు ఉంటాయి.

టైఫాయిడ్ దగ్గర కాస్త ఆగాలి. అక్కడే రోగులూ బంధువులూ ఎక్కువ కంగారు పడతారు. ఇంజెక్షన్ మొదలుపెట్టిన మూడో రోజుకు కూడా జ్వరం 103 కొడుతుంటే మందు పనిచేయడం లేదని, ఇంకా పెద్దది రాయమని గొడవ చేస్తారు. టైఫాయిడ్ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది. సరైన మందు పడినా జ్వరం పూర్తిగా దిగడానికి 5 నుంచి 7 రోజులు పట్టడం మామూలే. ఆకలి పుడుతోందా, మనిషి తేరుకుంటున్నాడా, గ్రాఫులో జ్వరం మెట్టు మెట్టుగా కిందికి వస్తోందా అని చూడాలి. ఉష్ణోగ్రత చార్టు సరిగా రాసే నర్సు ఉంటే సగం అనవసరపు మందులు ఆగిపోతాయని నా నమ్మకం. మందు మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయకపోతే మాత్రం ఆ తర్వాత అంతా ఊహాగానమే. ఒక్క డోసు పడ్డాక కల్చర్‌లో క్రిమి దొరికే అవకాశం బాగా పడిపోతుంది.

ఇక మీ జవాబులోని శక్తి సంగతి. మూడో తరం మందు మొదటి తరం కన్నా అన్ని విధాలా బలమైనదని మీరు అనుకుంటున్నట్టున్నారు. చర్మం మీద ఉండే స్టెఫిలోకోకస్ మామూలు రకమైతే దాని మీద మొదటి తరానికి చెందిన సెఫజొలిన్ మెరుగ్గా పనిచేస్తుంది. చాలా ఆపరేషన్లకు ముందు వేయవలసిన డోసు కూడా అదే. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకోకస్‌నూ, సూడోమోనాస్‌నూ సెఫ్ట్రియాక్సోన్ ఏమీ చేయలేదు. లిస్టీరియా అనే క్రిమి మీద కూడా పనిచేయదు; అందుకే 50 ఏళ్లు దాటినవారికి మెనింజైటిస్ వస్తే ఆంపిసిలిన్‌ను జోడిస్తారు. వైరస్‌ల మీద దాని ప్రభావం సున్నా. ఫ్లూ, డెంగీ, మామూలు వైరల్ జ్వరం నాలుగైదు రోజులకు వాటంతటవే దిగుతాయి. మూడో రోజున ఇంజెక్షన్ పడితే ఆ పేరు ఇంజెక్షన్‌కు పోతుంది. కాకతాళీయాన్ని వైద్యం అనుకున్న మనిషి మళ్లీ జ్వరం రాగానే చేయి చాపుతాడు. పైగా డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు కండకు సూది గుచ్చితే లోపల రక్తం కారి ఆ చోటు ఉబ్బిపోతుంది. అలా వాచిన తొడలకు కాపడం పెట్టవచ్చా అని అడిగే తల్లులకు వద్దని చెప్పీ చెప్పీ అలసిపోయాను.

స్క్రబ్ టైఫస్ గురించి మీ పేజీలో ఎన్నడూ చదవలేదు. చిగ్గర్ అనే కంటికి ఆనని పురుగు కుడితే వచ్చే జ్వరం ఇది. దీని క్రిమి మన కణాల లోపల బతుకుతుంది. పెన్సిలిన్ జాతి మందులు గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ దాన్ని తాకలేవు. మా వార్డులో ఒక పెద్దావిడకు ఈ ఇంజెక్షన్ రోజుకు రెండు పూటలా నడుస్తోంది. జ్వరం తగ్గలేదు సరికదా ఆయాసం మొదలైంది. పొద్దున ఒళ్లు తుడుస్తున్నప్పుడు రొమ్ము కింది ముడతలో చిన్న నల్లటి పక్కు కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు, ఆవిడకు అది ఉన్నట్టే తెలియదు. చిగ్గర్ కుట్టిన గుర్తు అదేననిపించి డాక్టరును పిలిచి చూపించాను. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, రెండు రోజులు తిరిగేసరికి జ్వరం దిగింది. ఆ మందు ఎప్పుడో కనిపెట్టిన పాతకాలపు మాత్ర. మీ జవాబు ప్రకారమైతే అది ఈ ఇంజెక్షన్ ముందు దిగదుడుపే కావాలి. చంకలు, గజ్జలు, రొమ్ముల కింది మడతలు, చెవుల వెనక భాగం ఒకసారి చూడమని మీ పాఠకులకు చెబితే ఏ ఇంజెక్షన్ సలహా కన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

ప్రమాదాల విషయానికి వస్తాను. ఇవి అరుదైనవే, కానీ తెలియకపోతే ఘోరం. అప్పుడే పుట్టిన పిల్లల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. సెఫ్ట్రియాక్సోన్ కాల్షియంతో కలిస్తే స్ఫటికాలుగా గడ్డకడుతుంది. రెండూ అందుకున్న నవజాత శిశువుల ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో ఆ స్ఫటికాలు పేరుకుని మరణాలు జరిగాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. 28 రోజుల లోపు వయసున్న బిడ్డకు కాల్షియం ఉన్న సెలైన్ ఎక్కుతున్నా, ఎక్కించవలసి ఉన్నా ఈ మందు ఇవ్వకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ, కామెర్లు ఉన్న బిడ్డకూ ఇవ్వకూడదు. రక్తంలో బిలిరుబిన్ అనే కామెర్ల పసుపు పదార్థాన్ని పట్టి ఉంచే ప్రొటీన్ మీద నుంచి ఇది దాన్ని తోసేసి తాను కూర్చుంటుంది. అలా విడిపడిన బిలిరుబిన్ మెదడుకు చేరితే ఆ నష్టం పూడ్చలేనిది. అలాంటి పసిబిడ్డలకు సెఫోటాక్సిమ్ అనే దగ్గరి బంధువు ఉంది. పెద్దవారిలో కూడా రింగర్ లాక్టేట్ అనే సెలైన్ సీసాలో దీన్ని కలపరాదు, అందులో కాల్షియం ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వవలసి వస్తే మధ్యలో గొట్టాన్ని మామూలు సెలైన్‌తో బాగా కడగాలి.

కండకు వేసినప్పుడు ఇది విపరీతంగా నొప్పి పెడుతుంది. అందుకే లిడొకైన్ అనే తిమ్మిరి మందుతో కలుపుతారు. అలా కలిపిన సిరంజీ పొరపాటున కూడా నరంలోకి పోకూడదు, గుండె లయ తప్పుతుంది. నరానికి ఇచ్చేటప్పుడు స్టెరైల్ వాటర్‌తో కలిపి 2 నుంచి 4 నిమిషాల పాటు నిదానంగా తోయాలి, లేదా అరగంట సేపు చుక్కలుగా ఎక్కించాలి. తొందరపడే చేతులకు ఇది పని కాదు.

చర్మం కింద రవ్వంత మందు గుచ్చి చూసే టెస్ట్ డోస్ మీద ఉన్న భక్తి నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఇంతకుముందు ఏ అలర్జీ లేని మనిషికి అది పెద్దగా చెప్పేదేమీ లేదు. బుడిపె రాలేదు కదా అన్న ధీమాతో మందు తోసేసి పక్క మంచానికి వెళ్లిపోవడమే అసలు ముప్పు. ఇంతకుముందు ఏ మందుకైనా దద్దురులు, ఆయాసం, పెదవుల వాపు వచ్చాయా అని అడగాలి. రియాక్షన్ వస్తే వేయవలసిన అడ్రినలిన్ ఆంప్యూల్ చేతికందే చోట ఉండాలి. మొదటి డోసు తర్వాత అరగంట సేపు మనిషిని కనిపెట్టి ఉండాలి. పెన్సిలిన్ పడనివారిలో పది శాతం మందికి ఇదీ పడదని పాత పుస్తకాల్లో ఉండేది. అది చాలా ఎక్కువ అంచనా అని తేలింది. ఈ మందు అణువుకు పక్కన ఉండే గొలుసు పెన్సిలిన్లది లాంటిది కాదు. అయినా పెన్సిలిన్‌కు స్పృహ తప్పి పడిపోయినంత రియాక్షన్ వచ్చినవారు ఆ మాట దాచకుండా డాక్టరుకు చెప్పి తీరాలి.

పిల్లల వార్డులో మరో తమాషా జరుగుతుంటుంది. ఎక్కువ మోతాదులో ఈ మందు తీసుకుంటున్న పిల్లలకు కడుపులో కుడివైపు నొప్పి వస్తుంది. స్కానింగ్ చేస్తే పిత్తాశయంలో రాళ్లు. తల్లిదండ్రుల గుండె జారిపోతుంది. అవి పైత్యరసంలో చేరిన మందు కాల్షియంతో కలిసి కట్టిన గుజ్జు. మందు ఆపితే కొద్ది వారాల్లో చాలామందిలో వాటంతటవే కరిగిపోతాయి. ఆపరేషన్ మాట ఎత్తకముందే, ఈ మధ్య ఏ ఇంజెక్షన్ పడిందని అడగడం ఎవరికైనా తట్టాలి.

ఇంత మంచి మందు ఎన్నాళ్లు మిగులుతుందన్నది నా అసలు బెంగ. ఈ జాతి మందులకు మూలం 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాల్యరి నగరపు మురుగునీరు సముద్రంలో కలిసేచోట జుసెప్పె బ్రోట్సు అనే శాస్త్రవేత్తకు దొరికిన ఒక బూజు. సెఫ్ట్రియాక్సోన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1984లో. గనేరియా అనే సుఖవ్యాధికి ఒకే ఒక్క డోసుతో సరిపెట్టే ఈ మందును ఆ దేశపు మార్గదర్శకాలు ఒకప్పుడు 125 మిల్లీగ్రాములు చాలన్నాయి; 2010లో 250 చేశాయి; 2020లో 500 చేశాయి. 2009లో జపాన్‌లోని క్యోటోలో దీనికి లొంగని గనేరియా క్రిమి బయటపడింది. 2016లో పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాదు నగరంలో మొదలైన టైఫాయిడ్‌కు ఈ ఇంజెక్షన్ పనిచేయలేదు. అజిత్రోమైసిన్, కార్బాపెనెమ్ ఇంజెక్షన్లు మాత్రమే మిగిలాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసి, సెఫ్ట్రియాక్సోన్‌ను నిరోధకత ముప్పు ఎక్కువ కనుక జాగ్రత్తగా కనిపెట్టి వాడవలసిన గుంపులో పెట్టింది. ఆ సంస్థ అంత జాగ్రత్త కోరుతుంటే మీరు సందేహించనక్కర్లేదన్నారు.

డాక్టర్ల మీదికి తగవుకు వెళ్లమని పాఠకులకు నూరిపోయడం లేదు. తీవ్రంగా జబ్బుపడ్డ మనిషికి కల్చర్ ఫలితం వచ్చేదాకా ఆగమనడం కూడా మూర్ఖత్వమే; అలాంటప్పుడు రక్తం తీసి వెంటనే మందు వేయాల్సిందే. నేను అడుగుతున్నది అంతకన్నా చిన్నది. ఏ ఇన్ఫెక్షన్ అనుకుని ఇది మొదలుపెడుతున్నారు, కల్చర్‌కు రక్తం తీశారా, 48 నుంచి 72 గంటల మధ్య మళ్లీ చూసి ఆపడమో మార్చడమో చేస్తారా, నోటిమాత్రకు ఎప్పుడు మారవచ్చు అని రోగి తరఫువారు మర్యాదగా అడగవచ్చు. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు విసుక్కోరు. నాకు తెలిసిన మంచి డాక్టర్లు నేను అడగకముందే కేసు షీటులో రాసేవారు.

ఆ జవాబుకు సవరణ వేయమని కోరుతున్నాను. ఈ ఉత్తరం మీ పేజీకి పొడవవుతుందని తెలుసు. కత్తిరించక తప్పకపోతే బూజు కథ తీసేయండి, గుండె కవాటాల పేరా తీసేయండి, నా ఉద్యోగం గొడవ తీసేయండి. నవజాత శిశువులు, కాల్షియం గురించి రాసిన పేరాలో మాత్రం ఒక్క మాట కూడా తీయవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు